గట్టు దాటే ముందు

2017 జనవరి నెల. సంక్రాంతి వెళ్లి వారం రోజులు కాలేదు. పంట రుణాల తనిఖీ కోసం ప్రకాశం జిల్లాలోని ఒక నల్లరేగడి గ్రామానికి వెళ్లాను. కాయ పట్టిన శనగ పంటను చూడవలసిన చోట తాజాగా దున్నిన మట్టి కనిపించింది. పచ్చని మొక్కలు వేళ్లతో సహా పెళ్లగిల్లి, బెడ్డల మధ్య వాడిపోయి ఉన్నాయి. గట్టు మీద కౌలు రైతు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి ఒక్క మాట అడిగాడు: "సార్, ఇప్పుడు మీ బాకీ నేనెట్లా కట్టేది?"

జరిగింది ఇది. ఆ భూమి యజమాని సీజను మధ్యలో పొలాన్ని మరొకరికి అమ్మివేశాడు. కొన్నవారు రిజిస్ట్రేషను పూర్తయిన వారానికే ట్రాక్టరు తెచ్చి, నిలిచి ఉన్న పంటను దున్నించారు. అడ్డుపడిన రైతును పక్కకు నెట్టివేశారు. వారి వాదన సూటిగా ఉంది: "దస్తావేజు మాది, భూమి మాది. మా భూమిని మేము దున్నుకున్నాము. ఇందులో నేరమేముంది?"

పాఠకులారా, ఈ ప్రశ్నకు మీరేమి సమాధానం చెబుతారు? ఆ రోజున నేను చెప్పలేకపోయాను. పంట నష్టాన్ని అంచనా వేయడం నాకు తెలుసు; ఆ నష్టం వెనుక ఉన్న చర్యను చట్టం ఏ పేరుతో పిలుస్తుందో స్పష్టంగా తెలియదు. ఆ రైతుకూ తెలియదు. ఆ తెలియకపోవడానికి అతడు చెల్లించిన మూల్యం చాలా పెద్దది. అందుకే ఇతరుల స్వాధీనంలోని ఆస్తిలోకి అక్రమంగా ప్రవేశించడమనే నేరం గురించి రుణగ్రహీతలు, డీలర్లు తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాను.

చట్టం ఏమంటున్నది?

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 441వ సెక్షను ఈ నేరాన్ని నిర్వచించింది. 2024 జులై 1 నుండి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో ఇదే నేరం 329వ సెక్షనులో ఉంది. నిర్వచనంలోని సారాంశం మారలేదు. ఆ తేదీకి ముందు జరిగిన సంఘటనలకు పాత స్మృతియే వర్తిస్తుంది.

ఈ నిర్వచనంలో రెండు అంశాలను ప్రత్యేకంగా గమనించాలి.

మొదటిది స్వాధీనం. మరొకరి "స్వాధీనంలో" ఉన్న ఆస్తిలోకి ప్రవేశించడం అని చట్టం అంటున్నది. మరొకరి "యాజమాన్యంలో" ఉన్న ఆస్తి అని అనలేదు. పట్టా ఎవరి పేరున ఉన్నదనే ప్రశ్న కంటే ముందు, ఆ రోజున ఆ భూమి ఎవరి చేతిలో ఉన్నదనే ప్రశ్న వస్తుంది. కాబట్టి కౌలుదారు, అద్దెకున్నవారు, తాకట్టు మీద భూమిని అనుభవిస్తున్నవారు కూడా ఈ రక్షణకు అర్హులే.

రెండవది ఉద్దేశం. ఏదైనా నేరం చేయాలని గాని, స్వాధీనంలో ఉన్నవారిని భయపెట్టాలని, అవమానించాలని, బాధించాలని గాని ప్రవేశిస్తేనే అది నేరం. అనుమతితో లోపలికి వచ్చినా, ఆ తరువాత అటువంటి ఉద్దేశంతో కదలకుండా అక్కడే తిష్ట వేస్తే అదీ నేరమే. తప్పిపోయిన మేకను వెదుకుతూ పక్క చేనులో అడుగుపెట్టినవాడు నేరస్థుడు కాడు. పొరుగువానికి అది నచ్చకపోవచ్చు. అంతమాత్రాన నేరం కాదు. ప్రవేశం వలన అవతలివారికి బాధ కలుగుతుందని తెలిసి ఉండడం ఒక్కటే చాలదనీ, బాధించడమే ఉద్దేశమని సందర్భాన్ని బట్టి రుజువు కావాలనీ సుప్రీంకోర్టు మత్రి కేసులో వివరించింది.

పోలీసు స్టేషనులో తరచుగా వినిపించే "ఇది సివిల్ తగాదా, కోర్టుకు వెళ్లండి" అన్న మాటకు మూలం ఇక్కడే ఉంది. ఇరుపక్షాలూ భూమి తమదేనని నిజంగా నమ్ముతూ, గట్టు ఎక్కడన్న దాని మీద మాత్రమే వాదించుకుంటున్నప్పుడు ఆ మాటలో అర్థం ఉంది. కాని మనుషులను వెంటబెట్టుకుని వచ్చి, బెదిరించి, నిలిచిన పంటను దున్నివేసినప్పుడు ఉద్దేశం ఏమిటో ట్రాక్టరు చాళ్లే చెబుతాయి.

శిక్షలు ఈ విధంగా ఉన్నాయి. పొలం, ఖాళీ స్థలం వంటి చోట్లలో అక్రమ ప్రవేశానికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గృహంలోకి అక్రమ ప్రవేశానికి ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇవి వారంటు లేకుండా పోలీసులు చర్య తీసుకోగల నేరాలు, బెయిలు లభించేవి, స్వాధీనంలో ఉన్న వ్యక్తి అంగీకరిస్తే రాజీ పడదగినవి కూడా. తలుపులు పగులగొట్టి గాని, దొంగచాటుగా గాని గృహంలో ప్రవేశిస్తే శిక్ష రెండేళ్ల వరకు, అదే సూర్యాస్తమయం తరువాత జరిగితే మూడేళ్ల వరకు పెరుగుతుంది.

పంటను నాశనం చేయడం వేరే నేరం. అది సంహితలోని 324వ సెక్షను కిందకు వస్తుంది. నష్టం 20,000 రూపాయల నుండి లక్ష లోపు ఉంటే రెండేళ్ల వరకు, లక్ష గాని అంతకు మించి గాని ఉంటే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు చెందిన రైతుల భూమిని ఆ వర్గాలకు చెందనివారు ఆక్రమించినా, వారి పంటను ధ్వంసం చేసినా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల వరకు శిక్ష ఉంది.

పంటే సాక్షి

"నా భూమిని నేను దున్నుకుంటే నేరమేమిటి?" అన్న ప్రశ్నకు మళ్లీ వద్దాము. దీనికి సుప్రీంకోర్టు 1975లో పూరణ్ సింగ్ కేసులో సమాధానం చెప్పింది. సాగుభూమిలో ఒకరి స్వాధీనం స్థిరపడిందా లేదా అని తేల్చడానికి, అతడు అక్కడ పంట వేశాడా అన్నది ఒక ప్రధానమైన పరీక్ష అని పేర్కొన్నది. అతడు హక్కు లేకుండా ప్రవేశించినవాడే అయినా సరే, పంట వేసి ఉంటే, అసలు యజమాని సైతం ఆ పంటను ధ్వంసం చేసి బలవంతంగా భూమిని తీసుకోరాదని స్పష్టం చేసింది.

హక్కు లేనివానికే ఇంతటి రక్షణ ఉండగా, కౌలు చెల్లించి, విత్తనం వేసి, బ్యాంకు రుణంతో సాగు చేస్తున్న రైతుకు లేకుండా పోతుందా?

1989లో కృష్ణరామ్ మహాలే కేసులోను, 2003 డిసెంబరులో రామేగౌడ కేసులోను సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని తిరిగి చెప్పింది. స్థిరమైన స్వాధీనంలో ఉన్న వ్యక్తిని, అతనికి అక్కడ ఉండే హక్కు లేదనుకున్నా సరే, చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించరాదు. యజమానికి హక్కు ఉంటే కోర్టు ఉంది. అంతేగాని తన తీర్పును తానే రాసుకుని, తానే అమలు చేసుకునే అధికారం ఎవరికీ లేదు. "కర్ర ఉన్నవాడిదే బర్రె" అన్నది లోకంలోని అన్యాయాన్ని ఎత్తిచూపే సామెత మాత్రమే. అది న్యాయసూత్రం కాదు.

అయితే నిన్న రాత్రి దొంగతనంగా కంచె వేసి, ఈ ఉదయం "స్వాధీనం నాది" అంటే కోర్టు వినదు. స్వాధీనం అందరికీ తెలిసేటట్లుగా, కొంతకాలం పాటు, నిలకడగా సాగి ఉండాలి.

గోదాము కూడా గృహమే

డీలర్లు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. చట్టంలో గృహమంటే నివాసపు ఇల్లు మాత్రమే కాదు. మనుషులు నివసించే కట్టడం, గుడారం, నౌక, ప్రార్థనా మందిరం, వస్తువులను భద్రపరిచే కట్టడం, ఇవన్నీ అందులో చేరతాయి. కనుక మీ ఎరువుల గోదాము గృహమే. రైతు పొలంలో మోటారు, స్టార్టరు ఉంచుకున్న గది కూడా గృహమే. శరీరంలో ఏ కొంత భాగం లోపలికి వెళ్లినా ప్రవేశం జరిగినట్లే.

ఈ నియమం రెండు వైపులా పదునైనది. విత్తనం మొలకెత్తలేదన్న కోపంతో రైతులు గుంపుగా దుకాణంలోకి చొరబడి, యజమానిని బెదిరించి, షట్టరు దించి తాళం వేస్తే, వారి ఆవేదన ఎంత న్యాయమైనదైనా వారే నిందితులవుతారు. అటువంటి సందర్భంలో బిల్లు, విత్తన సంచి, దాని మీది లేబులు భద్రపరచి, వ్యవసాయాధికారితో పొలాన్ని పరిశీలింపజేసి, జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లడమే సరైన మార్గం. అందుకు రెండేళ్ల గడువు ఉంది.

ఇక డీలర్ల వైపు చూద్దాము. అరువు మీద మోటారు అమ్మారు. రెండు సీజన్లు గడిచినా డబ్బు రాలేదు. మనిషిని పంపి, షెడ్డు తాళం తీయించి, మోటారు ఊడదీసి తెప్పించుకున్నారు. "నా సరుకు నేను తెచ్చుకున్నాను" అని మీరనుకోవచ్చు. కాని 1930 నాటి వస్తువిక్రయ చట్టం ప్రకారం, కొన్నవాని చేతికి సరుకు సక్రమంగా చేరిన తరువాత, బాకీ కోసం దానిని పట్టి ఉంచుకునే హక్కు అమ్మినవానికి ఉండదు. మిగిలేది సొమ్ము రాబట్టుకునే హక్కు మాత్రమే. దానికి మూడేళ్లలోపు దావా వేయవచ్చు. బాకీ కట్టించుకునేందుకే అయినా, బాకీదారుని వస్తువును అతని అనుమతి లేకుండా తీసుకుపోవడం దొంగతనమేనని కలకత్తా హైకోర్టు 1895లోనే తీర్పు చెప్పింది. పొలంలోని గది తాళం తీసిన క్షణంలో గృహ అక్రమ ప్రవేశం, మోటారు కదిలించిన క్షణంలో దొంగతనం: రావలసిన బాకీ ఒకటి, మీద పడే కేసులు రెండు.

బ్యాంకుకూ ఇదే నియమం

ఇతరులకు నీతులు చెప్పే ముందు మా సంగతి కూడా చెప్పాలి. రుణపత్రాలలో పంటను, ఆస్తిని తనిఖీ చేసే హక్కు బ్యాంకుకు ఉంటుంది. ఆ హక్కుతో ఫీల్డు ఆఫీసరు పగటివేళ, మీకు తెలియజేసి మీ పొలానికి వస్తాడు. అంతేగాని మీ అనుమతి లేకుండా మీ ఇంట్లోకి రావడానికి, ఇంటిల్లిపాదినీ బెదిరించడానికి, వెళ్లమన్నా కదలకుండా వాకిట కూర్చోవడానికి ఆ హక్కు చాలదు.

హైపోథికేషను మీద ఇచ్చిన ట్రాక్టరు రుణం మొండిబకాయి పడితే, ఒప్పందం ప్రకారం, ముందుగా నోటీసు ఇచ్చి, చట్టం అనుమతించిన పద్ధతిలోనే బండిని స్వాధీనపరచుకోవాలి. కండబలంతో వాహనాలను గుంజుకుపోయే పద్ధతిని 2007లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత రుణగ్రహీతలకు ఫోను చేయరాదనీ, బెదిరింపులకు పాల్పడరాదనీ, ఏజెంట్ల ప్రవర్తనకు రుణమిచ్చిన సంస్థలే బాధ్యత వహించాలనీ రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది.

బాకీదారుల ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనపరచుకునే అధికారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. కాని అదే చట్టంలోని 31వ సెక్షను వ్యవసాయ భూమిని దాని నుండి మినహాయించింది. ఆ చట్టం పేరు చెప్పి ఎవరైనా మీ సాగుభూమిలోకి రాబోతే ఈ సెక్షనును గుర్తు చేయండి. అయితే దీని అర్థం బాకీ కట్టనక్కరలేదని కాదు. మీరు తీసుకున్న రుణం మీ బాధ్యత. దానిని చట్టబద్ధంగా వసూలు చేయడం మా బాధ్యత.

రక్షణకు కూడా హద్దు ఉంది

"అక్రమంగా ప్రవేశించినవాడిని కొట్టవచ్చునా?" అని రైతులు అడుగుతుంటారు. దొంగతనం, దోపిడీ, ఆస్తి ధ్వంసం, అక్రమ ప్రవేశం, ఈ నాలుగింటి నుండి ఆస్తిని కాపాడుకునే హక్కును చట్టం ఇచ్చింది. కాని ఆ హక్కుకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. అధికారుల సహాయం పొందేందుకు సమయం ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు. వర్తించినప్పుడు కూడా, కాపాడుకోవడానికి అవసరమైనంతకు మించి హాని చేయరాదు. ట్రాక్టరుకు అడ్డుగా నిలబడడం వేరు. అతడు వెళ్లిపోయిన మరునాడు మనుషులను కూడగట్టుకుని అతని ఇంటి మీదకు వెళ్లడం వేరు. రెండవ పని చేస్తే, నిన్న బాధితులైన మీరు నేడు నిందితులవుతారు.

పొలం చుట్టూ కరెంటు తీగ చుట్టేవారికి ఒక హెచ్చరిక. అడవి పందుల కోసమనో, దొంగల కోసమనో లాగిన తీగకు పొరుగు రైతులు, పశువుల కాపరులు, కొన్నిసార్లు ఆ ఇంటివారే బలి అయిన సంఘటనలు మన ప్రాంతాల్లో పదేపదే జరుగుతున్నాయి. తీగకు మంచిచెడ్డలు తెలియవు. అది ఎవరి ఉద్దేశాన్నీ విచారించదు. పొరపాటున గట్టు దాటినవాడు మరణిస్తే, "నా పొలంలోకి ఎందుకు వచ్చాడు?" అన్న వాదన మిమ్మల్ని కాపాడదు. మనిషి మరణానికి కారకుడైన నేరస్థునిగా నిలబడవలసి వస్తుంది.

పశువుల విషయంలో మన పూర్వులకు మంచి పద్ధతే ఉండేది. చేను మేసిన పశువును కొట్టకుండా బందెల దొడ్డికి తోలేవారు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కూడా అదే చెప్పింది: పంటకు నష్టం చేస్తున్న పశువును పట్టుకుని 24 గంటలలోగా బందెల దొడ్డికి పంపాలి, పశువు యజమాని రుసుము చెల్లించి విడిపించుకోవాలి. అనేక గ్రామాలలో ఆ దొడ్లు కనుమరుగైనా, అందులోని నీతి నేటికీ పనికివస్తుంది: నష్టం జరిగినప్పుడు దానికి ఒక లెక్క, ఒక సాక్ష్యం, ఒక పద్ధతి ఉండాలి.

గడువులు మరువరాదు

మళ్లీ ఆ శనగ రైతు దగ్గరకు వద్దాము. సంఘటన జరిగిన మరునాడే అతడు పోలీసు స్టేషనుకు వెళ్లాడు. సివిల్ తగాదా అని చెప్పి పంపివేశారు. ఊరి పెద్దమనుషులు "తొందరపడకు, కూర్చోబెట్టి మాట్లాడతాము" అన్నారు. ఉగాది తరువాత అన్నారు. ఎండాకాలం పనులు కానిమ్మన్నారు. తొలకరి వచ్చింది. చివరికి ఆగస్టు నెలలో అతడు న్యాయవాదిని కలిసేనాటికి ఏడు నెలలు గడిచిపోయాయి. అతని చేతిలో ఉండిన సులువైన అస్త్రం గడువు అప్పటికే తీరిపోయింది. కౌలు కాలమూ ముగిసింది. పెట్టిన పెట్టుబడిలో కొంత మొత్తానికి రాజీ పడ్డాడు. బ్యాంకు బాకీ తీర్చడానికి జత ఎద్దులను అమ్ముకున్నాడు.

పంటల బీమా ఆదుకోలేదా అని మీరు అడగవచ్చు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కరవు, వరద, తెగుళ్ల వంటి నష్టాలకు వర్తిస్తుంది. ద్వేషంతో మనుషులు చేసిన నష్టానికి వర్తించదు. ప్రకృతి వైపరీత్యాల వేళ రుణాలను వాయిదా వేసే సౌకర్యం కూడా ఇటువంటి సందర్భానికి లేదు. మనిషి చేసిన నష్టానికి మనిషి మీదనే పరిహారం రాబట్టుకోవాలి. అందువలన ఈ గడువులను గుర్తుంచుకోండి.

రెండు నెలలు: భూమి తగాదా వలన శాంతిభద్రతలకు భంగం కలిగే అవకాశం ఉంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షను కింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటు స్వాధీనం ఎవరిదో విచారించి ఉత్తర్వు ఇవ్వవచ్చు. పోలీసు నివేదికో మరే ఇతర సమాచారమో మేజిస్ట్రేటుకు అందిన తేదీకి ముందు రెండు నెలలలోపు ఎవరినైనా బలవంతంగా వెళ్లగొట్టి ఉంటే, ఆ తేదీన వారే స్వాధీనంలో ఉన్నట్లు ఆయన పరిగణించవచ్చు. ఆలస్యమైతే ఈ మేలు పోతుంది.

ఆరు నెలలు: 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షను కింద, తన అంగీకారం లేకుండా, చట్టవిరుద్ధంగా స్వాధీనం కోల్పోయినవారు ఆరు నెలలలోపు దావా వేస్తే, యాజమాన్యపు హక్కును రుజువు చేయనవసరం లేకుండానే స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. అవతలివారు యజమానులే అయినా ఇది వర్తిస్తుంది. ప్రభుత్వం మీద మాత్రం ఈ దావా చెల్లదు. కౌలు రైతుకు ఇంతకంటే పదునైన సాధనం లేదు. పెద్దమనుషుల మాటలతో కరిగిపోయేది కూడా ఇదే.

ఒక సంవత్సరం: అక్రమ ప్రవేశం, గృహ అక్రమ ప్రవేశం నేరాలను కోర్టు విచారణకు స్వీకరించేందుకు సాధారణ గడువు ఒక సంవత్సరం.

పన్నెండు సంవత్సరాలు: స్థిరాస్తి స్వాధీనం కోసం సాధారణ దావాకు గడువు ఇది. ఆరు నెలలు దాటినా ఈ దారి మూసుకుపోదు. కాని అప్పుడు ఇరుపక్షాల హక్కు పత్రాలనూ తూకం వేస్తారు; మునుపటి సులువు ఉండదు.

పోలీసు స్టేషనులో ఫిర్యాదును నోటిమాటగా వదలకండి. రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. విచారణార్హమైన నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలసిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో చెప్పింది. నమోదు చేయకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలా ద్వారా ఫిర్యాదు పంపవచ్చు; అప్పటికీ ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా పొందడం ఫిర్యాదుదారు హక్కు. ఫిర్యాదులో "నా భూమిలోకి వచ్చారు" అని మాత్రమే రాయకండి. ఆ రోజున భూమి మీ స్వాధీనంలో ఎట్లా ఉన్నదో, వచ్చినవారు ఏమి చేశారో, ఏమన్నారో, ఎంత నష్టమైందో, ఎవరు చూశారో వివరంగా రాయండి. స్వాధీనం, ఉద్దేశం, ఈ రెండూ ఆ కాగితంలో కనిపించాలి.

మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందించే ఏర్పాటు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలో ఉంది. తక్కువ ఆదాయం గల ఇతరులూ దీనికి అర్హులే.

పెట్టెలో ఉండవలసిన కాగితాలు

స్వాధీనం కంటికి కనిపించేదే; కాని కోర్టుకు కాగితంలో కనిపించాలి. ఆనాటి రైతు దగ్గర ఉన్నదల్లా 2011 చట్టం కింద వచ్చిన రుణ అర్హత కార్డు, మా బ్యాంకు తనిఖీ నివేదిక మాత్రమే. ఎరువులు, మందులు కొన్న బిల్లులు లేవు. అరువు ఖాతా కాబట్టి డీలరు చీటీ మీద రాసి ఇచ్చాడట.

కౌలుకు చేసేవారు నోటి ఒప్పందంతో సరిపెట్టుకోరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల రాతపూర్వక ఒప్పందానికి వీలు కల్పించింది. దాని వలన యజమాని హక్కుకు భంగం లేదు, సాగుదారుకు ఆధారం ఉంటుంది. మరే రాష్ట్రంలోనైనా సరే, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, కౌలు మొత్తం, కాలపరిమితి రాసుకుని ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించండి. పంట నమోదు వివరాలు, నీటి తీరువా, కరెంటు బిల్లులు, బీమా ప్రీమియం రసీదు, తేదీ కనిపించే పొలం ఫోటోలు దాచిపెట్టండి. భూమిని కొనేవారు కూడా రిజిస్ట్రేషనుకు ముందు పొలానికి వెళ్లి చూడాలి. అక్కడ మరొకరి పంట ఉంటే, అది ఇంటికి చేరేదాకా ఆగడమో, సాగుదారుతో రాతపూర్వకంగా పరిష్కరించుకోవడమో చేయాలి.

డీలరు మిత్రులకు ఒక విన్నపం. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగదు అమ్మకమైనా, అరువు అమ్మకమైనా బిల్లు ఇవ్వడం మీ విధి. ఆ బిల్లు మీ బాకీకి రుజువు మాత్రమే కాదు. ఫలానా సీజనులో ఫలానా రైతు సాగు చేశాడనడానికి తోడ్పడే ఆధారం కూడా. రైతు స్వాధీనం నిలిస్తే పంట నిలుస్తుంది. పంట నిలిస్తే మీ బాకీ, మా బాకీ రెండూ తీరుతాయి.

ఆ సంవత్సరం నుండి ప్రతి సీజనులోను, రుణం మంజూరు చేసేటప్పుడు కౌలు పత్రం, బిల్లులు, పొలం హద్దులు అడగడం నాకు అలవాటైంది. కొందరు రైతులు విసుక్కుంటారు. "పంట వేయడానికి ఇన్ని కాగితాలెందుకు సార్?" అంటారు. వారికి ఆ శనగ చేను కథ చెబుతాను. దున్నివేసిన మొక్కను మళ్లీ నిలబెట్టలేము. ఆరు నెలల లోపు లేచి నిలబడితే మాత్రం, పోయిన స్వాధీనాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. మీ గట్టును మరొకరు దాటినప్పుడు కర్ర కోసం చూడకండి, క్యాలెండరు చూడండి. మీరే మరొకరి గట్టు దాటబోతున్నప్పుడు, ఆ భూమి దస్తావేజు ఎవరి పేరున ఉన్నదని కాక, అక్కడ పంట ఎవరిదని ఒక్కసారి ఆగి అడగండి.